చేతనైన పని, పిలిచిన పని

అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో పౌలు తన పాత సంగతి ఒకటి బయటపెడతాడు. చదివేవాళ్లు సాధారణంగా అక్కడ ఆగరు. ప్రభువును ఎరిగిన కొత్తల్లో యెరూషలేము దేవాలయంలో ప్రార్థన చేసుకుంటుంటే, ఈ ఊళ్లో నీ సాక్ష్యం ఎవరూ అంగీకరించరు, త్వరగా వెళ్లిపొమ్మని ప్రభువు చెప్పాడట. పౌలు సరేనని లేచిపోలేదు, వాదనకు దిగాడు. విశ్వాసులను చెరసాలలో వేయించింది నేనేనని ఊరందరికీ తెలుసు, స్తెఫనును చంపుతుంటే పక్కన నిలబడి ఆ చంపేవాళ్ల బట్టలకు కాపలా కాసిందీ నేనే అన్నాడు. అలాంటివాడు మారి వచ్చి చెబితే వినకుండా ఎలా ఉంటారన్నది ఆయన ధీమా. ఆ ధీమాకు ఆధారం ఉంది కూడా. గమలీయేలు పాదాల దగ్గర ధర్మశాస్త్రం చదివిన మనిషి. యూదులకు సువార్త చెప్పడానికి అంతకంటే తగినవాడు ఎక్కడ దొరుకుతాడు?

ప్రభువు ఆ అర్హతల్లో ఒక్కదాన్నీ కాదనలేదు. అసలు వాటి ప్రస్తావనే తేలేదు. దూరంగా అన్యజనుల దగ్గరికి పంపుతున్నాను, బయల్దేరమన్నాడు. సున్నతి పొందినవాళ్ల మధ్య పని గలిలయ జాలరి పేతురుకు అప్పగించాడు.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మన సంఘాలు గుర్తొస్తాయి. గొంతు బాగుంటే క్వయర్‌లో చేరుస్తాం. మాట ధాటిగా ఉంటే ప్రసంగం ఇస్తాం. లెక్కలు తెలిసినవాడికి కానుకల పుస్తకం అప్పజెప్తాం. ఇందులో తప్పేమీ లేదు. ప్రత్యక్ష గుడారం పనికి దేవుడే బెసలేలును పేరుపెట్టి పిలిచాడు, బంగారంలో, వెండిలో, చెక్కలో అతని నైపుణ్యాన్ని ఆత్మ వరమనే నిర్గమకాండం చెబుతోంది. ఉన్న నేర్పును దేవుడికివ్వడం ఆరాధనే. అయితే దేవుని చిత్తం తెలుసుకోవాలంటే మనలోకి మనం చూసుకుని, ఏది బాగా వచ్చో లెక్కవేసుకుంటే చాలునన్న నమ్మకం మనలో స్థిరపడిపోయింది. పౌలు వాదన కూడా సరిగ్గా ఆ లెక్కే.

తెలుగు క్రైస్తవులకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. వి.ఎస్. అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో ఒక పల్లెటూరి గురువు ఇంట పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఏళ్ల తరబడి దక్షిణ భారతమంతా తిరిగారు. యువకులను కూడగట్టడంలో, తమిళంలోనూ ఇంగ్లీషులోనూ సభను కదిలించడంలో సమర్థులు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్త పని సాగించడం చూసి, మనవాళ్లెందుకు చేయడం లేదని కలతపడ్డారు. ఆ కలతలోంచి 1903లో తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం వచ్చింది. 1905లో శ్రీరాంపూర్‌లో పుట్టిన జాతీయ మిషనరీ సంఘం స్థాపనలోనూ ఆయన ముందున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. సంఘాలు స్థాపించేవాళ్లు, ఇతరులను పంపేవాళ్లు కూడా కావాలి కదా! ఆయన నేర్పంతా అందులోనే ఉంది.

కానీ ఇతరులను వెళ్లమంటూ తాను ఉండిపోవడం ఆయనకు సాధ్యం కాలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. రైల్వే జంక్షన్ తప్ప పెద్దగా ఏమీ లేని ఊరది. చుట్టుపక్కల పల్లెల భాష తెలుగు. అది ఆయన భాష కాదు. పెద్ద సభల్లో తడుముకోకుండా మాట్లాడిన మనిషి, ముప్పై అయిదేళ్ల వయసులో, కూలిపని చేసుకునేవాళ్ల ముందు ఒక్కో మాట వెతుక్కుంటూ నిలబడవలసి వచ్చింది. వాళ్లు దిద్దితే దిద్దుకోవాలి. వాళ్లు ఓపిక పడితేనే ఆయన ప్రసంగం ముందుకు సాగుతుంది.

పిలుపు మన ప్రతిభను దాటి ఎందుకు వస్తుందన్నదానికి నాకు తోచిన జవాబు ఇక్కడుంది. బాగా వచ్చిన పని చేసేటప్పుడు మనం ఇచ్చేవాళ్లం, ఎదుటివాళ్లు పుచ్చుకునేవాళ్లు. ఆ అమరికలో ప్రేమ ఉండొచ్చు, కానీ ఎత్తూ ఉంటుంది. రాని పనికి వెళ్లినప్పుడు ముందు మనమే పుచ్చుకోవాలి. ఎవరికి సేవ చేయడానికి వెళ్లామో వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, వాళ్ల సాయం అడగాలి. నోరు తిరగదని మోషే మొరపెట్టుకుంటే దేవుడు ఆ నాలుకను బాగుచేయలేదు, అన్న అహరోనును తోడిచ్చాడు. మోషేలోని కొరత అలా ఉండిపోవడంవల్లే ఆ పనిలో మరొకడికి చోటు దొరికింది.

డోర్నకల్ చేరిన మరుసటి ఏడాది, 1910లో, ఎడింబరో మిషనరీ మహాసభలో అజరయ్య మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు ఎంతో ఇచ్చారని ఒప్పుకుంటూనే, ఇంకా ఇవ్వనిది స్నేహమని చెప్పారు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. పుచ్చుకునేవాడి స్థానంలో నిలబడి చూసిన డోర్నకల్ తొలి రోజులకూ ఆ ప్రసంగానికీ సంబంధం ఉందని నా నమ్మకం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడాయనే. డోర్నకల్‌లో ఆయన ఆచరణ ఒకటి చెప్పుకోవాలి. బాప్తిస్మం పొందినవాళ్లు తమ చేయి తలమీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలి. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. మాల, మాదిగ పేటల్లోని కూలీలు, వెట్టివాళ్లు. నీలో ఏ ప్రతిభ ఉందని అప్పటిదాకా వాళ్లను అడిగినవాళ్లే లేరు. అడిగితే ఏమీ లేదనే చెప్పి ఉండేవాళ్లు. పిలుపు వాళ్లకూ ఉందని ఆ చేయి తలమీద పెట్టించి చెప్పారు అజరయ్య.

మరి చేతనైనదంతా వదులుకోవలసిందేనా? ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ జీవితం చూస్తే అలా అనిపించదు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన అమెరికాలోని మిన్నెసోటాలో సర్వే పని చేశారు. 1866లో ఒంగోలు వచ్చేనాటికి ఆ గొలుసులూ కొలతలూ వెనకబడిపోయాయి. పది సంవత్సరాల తర్వాత 1876-78 కరువు వచ్చింది. జనం ఆకలితో రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. మేస్త్రీలుగా నిలబడింది ఆయన దగ్గరి తెలుగు బోధకులే. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు కాలువ ముఖ్యమనిపిస్తుంది. పక్కన పెట్టేసిన నేర్పును దేవుడు తనకు కావలసిన రోజున, తనకు కావలసిన చోట అడిగి తీసుకున్నాడు.

ఏది పిలుపో, ఏది మన ఊహో తెలుసుకోవడమే కష్టం. రాని పని కాబట్టి దేవుడిదే అయి ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. మన ఇళ్లలో ఇంకో సంగతుంది. జబ్బుపడ్డ బిడ్డ బతికితే నీ సేవకిస్తామని తల్లిదండ్రులు సమర్పణ చేసుకుంటారు. ఆ బిడ్డ పెద్దవాడై, మనసు లేకపోయినా, అమ్మ మాట తప్పకూడదని బైబిల్ కాలేజీ మెట్లెక్కుతాడు. హన్నా సమర్పించింది నిజమే. కానీ అంతటితో అయిపోలేదు, ఒక రాత్రి దేవుడే సమూయేలును పేరుపెట్టి పిలిచాడు. తల్లి ప్రార్థన బిడ్డను గుడిదాకా తీసుకొచ్చింది, పిలవడం మాత్రం దేవుడు తన చేతుల్లోనే ఉంచుకున్నాడు. తల్లిదండ్రులు ఆ పని తమమీద వేసుకోకూడదు.

ఆ రాత్రి సమూయేలుకు ఆ స్వరం ఎవరిదో తెలియలేదు. చూపు మందగించిన ముసలి ఏలీ గుర్తుపట్టాడు. ఆ పిలుపులో వచ్చే వర్తమానం ఏలీ ఇంటికే శిక్ష. అయినా కుర్రవాణ్ణి వెళ్లి పడుకోమని, మళ్లీ పిలిస్తే ఏమనాలో నేర్పి పంపాడు. తెల్లవారి విన్నదంతా దాచకుండా చెప్పమన్నాడు. పిలుపు విషయంలో సలహా అడగవలసింది అలాంటివాళ్లనే. మన నిర్ణయంవల్ల ఒరిగేదేమీ లేనివాళ్లు, నష్టపోయినా నిజం చెప్పగలవాళ్లు. పౌలు విషయంలోనూ అంతే. అన్యజనుల మాట దేవాలయంలోనే విన్నా, ఆయన మొదట తార్సుకు వెళ్లి ఉండిపోయాడు. బర్నబా వెతుక్కుంటూ వెళ్లి అంతియొకయకు తీసుకొచ్చాడు. అక్కడ సంఘమంతా ఉపవాసముండి, చేతులుంచి పంపింది. తార్సులో గడిచిన ఆ కాలం గురించి లూకా ఏమీ రాయలేదు. ఇప్పుడు ఏ జవాబూ రాక అలాంటి కాలంలో ఉన్నవాళ్లు ఆ ఖాళీని నిర్లక్ష్యమనుకోవద్దు.

పిలుపు అంటే డోర్నకల్ అంత దూరమే అయి ఉండనక్కర్లేదు. బ్యాంకులో పనిచేసే మనిషికి, మాటకారి కానివాడికి, పక్కవీధిలో క్యాన్సర్‌తో మంచం పట్టిన పెద్దాయన దగ్గర కూర్చోవాలని మనసు లాగుతూ ఉండొచ్చు. ఏం మాట్లాడాలో తెలియక వారం వారం వాయిదా వేస్తుంటాడు. మాటలు నేర్చుకున్నాక వెళదామనుకోవద్దు. అలాంటి ఇళ్లకు రోజూ వెళ్లే బైబిల్ స్త్రీ వెంట వెళ్లండి, ఆమె చెప్పిన చోట కూర్చోండి, నీళ్లు అందించమంటే అందించండి. కొన్నాళ్లయ్యాక ఇది నా పిలుపేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటే, మళ్లీ రమ్మంటారా అని ముందు ఆ పెద్దాయన్నే అడగండి.