ఆమె చేతిపనికి వెల

ధ్యాన వాక్యభాగములు: సామెతలు 31:10-31, ద్వితీయోపదేశకాండము 24:14, 15





స్త్రీల ఆదివారము వచ్చినదంటే మన సంఘములలో ఏ అధ్యాయము చదువుదురో వేరుగా చెప్పనక్కరలేదు. సామెతలు 31. గుణవతియైన భార్యను గూర్చి ప్రసంగము వినని సంవత్సరము మాకు జ్ఞాపకము లేదు. ఆమె తెల్లవారకముందే లేచుట, ఇంటివారికి భోజనము సిద్ధపరచుట, రాత్రి ఆమె దీపము ఆరకుండుట, వీటిని గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము, మేమును చేసినాము. అవి విని మన స్త్రీలు తల వంచుకొని ఇంటికి వెళ్లి, మరునాడు ఇంకొక అరగంట ముందుగా లేచుదురు.

అయితే ఆ అధ్యాయములోనే మేము ఎన్నడును ఆగని వచనములు మూడు ఉన్నవి. 18వ వచనములో ఆ స్త్రీ తన వ్యాపారము లాభముగా నున్నదో లేదో తానే పరీక్షించి తెలిసికొనుచున్నది. 24వ వచనములో తాను చేసిన వస్త్రములను, నడికట్లను వర్తకులకు అమ్ముచున్నది. చివరి వచనములో ఆమె చేతుల ఫలము ఆమెకు ఇయ్యవలెనని యున్నది. గవినియొద్ద పొగడుట ఆ తరువాతి మాట. ఇయ్యవలసినది ముందు, పొగడవలసినది వెనుక. మనము ఆ వరుసను తిప్పివేసితిమి.

ఈ వచనములయొద్ద మమ్మును ఆపినది వ్యాఖ్యాన గ్రంథము కాదు, ఒక సహోదరి నోటు పుస్తకము. ఆ సంగతి చెప్పకముందు లేసును గూర్చి కొంచెము చెప్పవలెను.

మన తాతలు గనులలోనికి, మిల్లులలోనికి, రైల్వే పనులలోనికి వలస వచ్చినప్పుడు రేకు పెట్టెలలో బైబిలు, కీర్తనల పుస్తకము తెచ్చుకొనిరి. గోదావరి వైపునుండి వచ్చిన తల్లుల పెట్టెలలో కొన్నింటిలో లేసు సూది కూడ ఉండెను. నరసాపురము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ కుటుంబముల స్త్రీలు మన బీద స్త్రీలకు ఈ అల్లకము నేర్పిరి. నేర్పినది మన మిషనువారా, వేరొకరా అను వాదము ఇక్కడ మనకు అనవసరము. ఆకలితో నున్న ఇంటిలో ఒక సూది, ఒక దారపు ఉండ అన్నము పెట్టినవి. దానికొరకు దేవునికి స్తోత్రము.

కాని ఆ కథలో రెండవ భాగము కూడ ఉన్నది. లేసు పెద్ద వ్యాపారమై సముద్రములు దాటెను. దారము ఏజెంటు ఇచ్చును, అల్లినది ఏజెంటు తీసికొని పోవును. ఒక ఇంట పువ్వులు అల్లుదురు, మరియొక ఇంట అతుకుపని చేయుదురు. తాను అల్లిన పువ్వు ఏ బల్లమీదికి చేరునో అల్లిన స్త్రీ ఎరుగదు. మారియా మీస్ అను పరిశోధకురాలు నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. ప్రొద్దస్తమానము ఇంట కూర్చుండి అల్లిన స్త్రీకి, ఎండలో పొలము కూలికి వెళ్లిన స్త్రీకంటె తక్కువ ముట్టుచుండెనని ఆమె చూపెను. ఎందుచేత? ఈమె పనికత్తె కాదు, ఇల్లాలు. తీరిక వేళ ఏదో చేసికొనుచున్నది అని అందరును అనుకొనిరి. ఆ స్త్రీలును అట్లే అనుకొనిరి. గడప దాటకుండుట గౌరవమని తలంచిరి. ఆ గౌరవపు ఖరీదు వారి కూలిలోనుండి పోయెను.

ఇది నరసాపురపు సంగతి మాత్రమే అనుకొనవద్దు. షోలాపురములో మన తెలుగు తల్లులు ఇంటివద్ద బీడీలు చుట్టి వెయ్యికి ఇంత అని తీసికొనుచు పిల్లలను పెంచిరి. ఇంటి లోపల జరుగు పనికి గడియారము లేదు. గడియారము లేని చోట కూలి తగ్గించుట సులభము.

ఇప్పుడు నోటు పుస్తకము సంగతి. మా సంఘములో ఒక విధవరాలైన సహోదరి టీపాయి గుడ్డలు, దిండు గలీబుల అంచులు, పసిపిల్లల టోపీలు అల్లి అమ్మును. మనుమరాలు ఫోనులో వాటి బొమ్మలు పెట్టుటచేత ఇరుగుపొరుగు అన్యభాషలవారు కూడ కొనుచున్నారు. ఒక దినము మేము పరామర్శకు వెళ్లినప్పుడు, "అయ్యగారూ, పని చాలా ఉన్నది, చేతిలో మాత్రము ఏమియు నిలుచుట లేదు, ప్రార్థన చేయుడి" అని అడిగినది. ప్రార్థన చేసితిమి. తరువాత మనుమరాలి లెక్కల నోటు పుస్తకము తీసి వ్రాయుమంటిమి. టీపాయి గుడ్డ ఒకటి 260 రూపాయలకు అమ్మినది. దారము 75. గంజి, ఇస్త్రీ 10. ఆటోలో ఆమె వంతు 30. మిగిలినది 145. ఎన్ని గంటలు పట్టెనని అడిగితిమి. ఆమె నవ్వి, "గంటలు ఎవరు చూచినారండి? వంట మధ్యలో, రాత్రి అందరూ పండుకొన్న తరువాత" అనెను. మనుమరాలు వేళ్లమీద లెక్కపెట్టి 13 అని చెప్పినది. గంటకు పదకొండు రూపాయలు దాటి కొంచెము.

ఆ అంకె చూచి ఎవరమును మాటలాడలేదు.

మా సంఘస్థులే ఆమెయొద్ద బేరమాడి యుండిరి. "మనవాళ్లమే గదా అమ్మా, ఇంకో యాభై తగ్గించు" అని. అదే మనము పెద్ద షాపునకు వెళ్లినప్పుడు చీటీమీద ఉన్న ధర చూచి మారుమాట లేకుండ చెల్లింతుము. తెలియని వర్తకుని గౌరవింతుము, ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద ప్రక్కన కూర్చుండు సహోదరియొద్ద యాభై రూపాయలు లాగుకొందుము. ప్రేమ పేరుతో జరుగు దోపిడి ఇదియే. ఈ మాట కఠినముగా నున్నదని ఎవరైన అనిన, మేము దానిని మార్చము. ఎందుకనగా మా నేరము అంతకంటె పెద్దది.

నాలుగు సంవత్సరముల క్రిందట మా స్త్రీల సమాజము క్రిస్మసుకు ముందు చేతిపనుల అమ్మకము పెట్టెను. ఆరుగురు సహోదరీలు అల్లినవి, కుట్టినవి తెచ్చిరి. డిసెంబరు మొదటి వారములోనే అన్నియు అమ్ముడుపోయెను. డబ్బు సంఘపు పెట్టెలో చేరెను. లెక్క జనవరి వ్యవహార కూటములో చదివి, తీర్మానము చేసిన తరువాతనే పంచవలెనని మేమే చెప్పితిమి. పద్ధతి పద్ధతియే గదా అనుకొంటిమి. వారిలో ఒకామె క్రిస్మసు వారములో వచ్చి అడుగగా, "కొంచెము ఓర్చుకొనుము తల్లీ, నీ డబ్బు ఎక్కడికిని పోదు" అని మా నోటితోనే చెప్పి పంపితిమి. ఆమె చెవి కమ్మలు కుదువబెట్టి పిల్ల ఫీజు కట్టినదని ఫిబ్రవరిలో తెలిసినది. ఆమె చెప్పలేదు, మరియొకరు చెప్పిరి. వడ్డీ ఆమెయే కట్టుకొన్నది.

డబ్బు పోలేదు, నిజమే. పైసా తేడా లేదు. లెక్క సరిగానే ఉన్నది. కాని ద్వితీయోపదేశకాండము 24 తెరచినప్పుడు మాకు తప్పించుకొను దారి కనబడలేదు. కూలివాడు నీ సహోదరుడైనను, నీ ఊరిలో నున్న పరదేశియైనను, వాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. కారణము కూడ చెప్పెను: వాడు బీదవాడు, దానిమీదనే మనస్సు పెట్టుకొని యున్నాడు. అతడు మొఱ్ఱపెట్టిన యెడల అది నీకు పాపమగును. దేవుడు ఇక్కడ దొంగతనమును గూర్చి మాటలాడుట లేదు, ఆలస్యమును గూర్చి మాటలాడుచున్నాడు. పరాయి భాషల మధ్య బ్రదుకుచున్న మనము "పరదేశి" అను మాట మనలను గూర్చి చెప్పినదని సంతోషించి చదువుకొందుము. అదే వచనములో యజమానుని చోటున కూడ మనమే ఉండగలమని మేము తలంచలేదు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటివద్ద పనిచేయువారును పనివారే అని ఒడంబడిక చేసినది. మోషేద్వారా వచ్చిన మాటకు ఎంత వెనుక!

మనకు ఈ పొరబాటు ఎక్కడనుండి వచ్చెను? మాకు తోచినది చెప్పుదుము. మన సంఘములలో సూది పని అనగానే దొర్కా జ్ఞాపకము వచ్చును. అపొస్తలుల కార్యములు 9లో యొప్పేలోని విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురుకు చూపి ఏడ్చిరి. ఆమె ధర్మకార్యము చేసినది, దానిని ఎవరును తక్కువ చేయరాదు. కాని మనము స్త్రీల చేతిపని అంతటిని ధర్మకార్యముగానే ఎంచుట మొదలుపెట్టితిమి. 16వ అధ్యాయములో తుయతైర పట్టణపు లూదియ ఊదారంగు సరుకు అమ్మినది. ఆమె తన ఇంటిని అపొస్తలులకు తెరచినది. అందుకని ఫిలిప్పీ సంఘము ఆమెను ఊదారంగు ధర తగ్గించుమని అడిగినట్లు వ్రాయబడలేదు. 18వ అధ్యాయములో రోమాలో నుండి వెళ్లగొట్టబడిన అకుల, ప్రిస్కిల్ల కొరింథులో డేరాలు కుట్టి బ్రదికిరి. పౌలు వారి ఇంట బసచేసి వారితో కూడ పని చేసెను. వారును మనవలె వలస వచ్చినవారే. ఆ ఇంటిలో వ్యాపారమును జరిగెను, వాక్యమును జరిగెను. దొర్కాను దొర్కాగా ఉండనిత్తము, లూదియను లూదియగా ఉండనిత్తము. విధవరాలు బ్రదుకుటకు అమ్ముకొను గుడ్డను దొర్కా అంగీగా చేసి పట్టుకొని పోరాదు.

చేతిపని చేయు సహోదరీలతో కూడ ఒక మాట. యంత్రముపై నేసిన లేసు బజారులో చవుకగా దొరకుచున్నది. దానిని రెండు అంగుళములు కత్తిరించి మధ్యలో అతికి, అంతయు చేతి అల్లకమే అని చెప్పి అమ్మిన వారు ఉన్నారు. కొనువారికి తెలియదు. అబద్ధపు త్రాసును గూర్చి సామెతలు 11:1 చెప్పునది కిరాణా కొట్టుకు మాత్రమే కాదు. నరసాపురపు లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మంచిదే. మన నోటి మాట ఆ గుర్తింపుకంటె తక్కువ నమ్మదగినదిగా ఉండకూడదు. యంత్రపుదైతే యంత్రపుదని చెప్పి అమ్ముడి, తప్పు లేదు. మరియొకటి: ఆర్డరు ఎక్కువ వచ్చినదని ఆడపిల్లను బడి మాన్పించి సూది చేతికి ఇయ్యకుడి. నేర్పుడి, తప్పక నేర్పుడి. సెలవు దినములలో నేర్పుడి. కన్నులు మసకబారుచున్నవని తెలిసియు ఉపవాస కూటమువలె దాని నోర్చుకొనవద్దు.

ధర చెప్పుటకు సిగ్గుపడవద్దు. దారము ఖర్చు వ్రాయుడి, దారి ఖర్చు వ్రాయుడి, గంటలు వ్రాయుడి. వంట మధ్య కూర్చున్న అరగంట కూడ గంటలోనిదే. మా సహోదరి ఇప్పుడు టీపాయి గుడ్డకు 400 చెప్పుచున్నది. ఇద్దరు ముగ్గురు కొనుట మానిరి. మిగిలినవారు కొనుచున్నారు. గంటకు లెక్క చూచిన అది ఇప్పటికిని చాలినంత కాదు, ఆమెకును తెలియును. నోటు పుస్తకము మాత్రము మానలేదు.

మా స్త్రీల సమాజము గత క్రిస్మసు అమ్మకమును శనివారము పెట్టెను. తీర్మానము ముందే వ్రాసుకొంటిమి. పేరు పేరున కవర్లు సిద్ధముగా నుంచి, అమ్మిన దినముననే సాయంకాలము పంచితిమి. కమ్మలు కుదువబెట్టిన సహోదరి ఆ దినము రాలేదు, కంటి ఆపరేషను అయి ఇంటిలో ఉన్నది. కూటమునుండి ఇద్దరము ఆటో ఎక్కి ఆమె ఇంటికి వెళ్లితిమి. ఇంకను వెలుతురు ఉన్నది. ఆ సంవత్సరపు సంగతిని గూర్చి క్షమించుమని కూడ అడిగితిమి, ఇంతకాలము అడుగలేదు. ఆమె "అది ఎప్పటిదో గదా అయ్యగారూ" అని, కవరు మనుమరాలికిచ్చి లెక్కపెట్టించినది. రెండుమార్లు లెక్కపెట్టించినది. తరువాత అందులోనుండి దశమభాగము తీసి, రేపు కానుకల పళ్లెములో వేయుడని మా చేతిలో పెట్టినది. మేము వద్దనలేదు.