అంకె వెనకున్న బావి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి తీరిగ్గా రాసి పంపడమే మేలనిపించింది. వేసవి ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాదులో కంపెనీల పర్యావరణ నివేదికలు తయారుచేసే ఆఫీసుకి వెళ్లాలా, అనంతపురం పల్లెల్లో భూగర్భజలాల మీద పనిచేసే సంస్థలో చేరాలా అన్నావు. భూగర్భజల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని, నా మొగ్గు ఎటో నీకు తెలుసు. పల్లెకే వెళ్లు. ఎందుకంటున్నానో కూడా విను.

బోరులో నీటిమట్టం కొలవడం చూడ్డానికి చాలా తేలిక. టేపు కిందికి వదులుతావు, చివరనున్న ప్రోబ్ నీటిని తాకగానే బజర్ మోగుతుంది, అంకె రాసుకుంటావు. కానీ ఆ మోటారు ఎప్పుడు ఆపారు? ఆడుతున్న బోరులో నీరు కిందికి దిగిపోయి ఉంటుంది, ఆపాక మళ్లీ తేరుకోవడానికి గంటలు పట్టొచ్చు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ వాటంతటవే లేస్తాయి. పక్క పొలంలో మోటారు ఆడుతున్నా ఈ బోరులో మట్టం తగ్గొచ్చు. కేసింగ్ పైపు నేలకి ఎంత ఎత్తుందో అంతా లెక్కలోంచి తీసెయ్యాలి. ఇందులో సగం సంగతులు ఆ రైతుని అడిగితేగాని తెలియవు. అందుకే కరెంటు రాకముందే పొలానికి చేరాలి, గట్టుమీద కూర్చుని అడగాలి. ఆ ఓపిక క్లాసురూములో రాదమ్మా.

ఒక్కోరోజు వెళ్లలేకపోతావు. వెళ్లినా కొలవడం కుదరదు. అప్పుడు కొలతల పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలి, ఎందుకు వదిలావో పక్కన రాయి. పోయినసారి 18 మీటర్లుంది కాబట్టి ఇప్పుడు 19 ఉంటుందిలే అని నింపకు. నువ్వు వచ్చేశాక ఆ పుస్తకం చూసేవాళ్లకి ఏది కొలిచిందో, ఏది ఊహించిందో ఎలా తెలుస్తుంది? మా శాఖలో ఇలాంటి అంకెల ఆధారంగానే ఎక్కడ నీటిని అతిగా తోడేస్తున్నారో తేల్చేవాళ్లం. అలా తేలినచోట 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద కొత్త బోర్లకు అడ్డుపడుతుంది. అంకె తప్పైతే ఒక రైతు బోరు ఆగిపోవచ్చు, లేదా తవ్వకూడని చోట పది బోర్లు పడొచ్చు.

రైతులకు కొలతలు చేతకావనుకోకు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. అందులో రైతులే, ఆడామగా అందరూ, వానమాపకం చూసి వర్షపాతం రాసేవాళ్లు, 15 రోజులకోసారి బోర్లు కొలిచేవాళ్లు, ఆ లెక్కలు ఊళ్లో గోడమీది బోర్డుకెక్కేవి. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అందులో ఆ నేలలో ఎంత ఇంకుతుంది, రబీకి ఎంత మిగులుతుంది, అనుకున్న పంటలకి ఎంత కావాలి అని అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఫలానాది వెయ్యమని ఎవరూ శాసించలేదు. ఆ లెక్కలు చూసుకునే చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకి మళ్లారు. వాళ్ల అంకె వాళ్ల చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది. నువ్వు కూడా రిపోర్టు కాలేజీకిచ్చే ముందు ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి నీకు ఏం తేలిందో తెలుగులో చెప్పు. వాళ్ల పొలం గట్లమీద తిరిగి, వాళ్ల పూట పాడుచేసి, మార్కులు తెచ్చుకుని చెప్పాపెట్టకుండా వచ్చేస్తే అన్యాయం.

ఇక డబ్బు. స్టైపెండు ఎంత, బస ఎక్కడ, తిరగడానికి బండి ఎవరిస్తారు అని ముందే అడుగు, మొహమాటపడకు. ఎదురు డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లుంటారు, వాళ్ల గుమ్మం తొక్కకు. ఆ కాగితం పెట్టి రేపు ఉద్యోగం తెచ్చుకుంటే, ఎండలో తిరిగి నేర్చుకున్న నీ తోటిపిల్ల చోటు లాక్కున్నట్టే.

ఇంటి పరిస్థితి వల్ల హైదరాబాదులో వచ్చే డబ్బే అవసరమనుకుంటే అక్కడికే వెళ్లు, నేనేమీ అనుకోను. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ కంపెనీలకి వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక (బీఆర్‌ఎస్‌ఆర్) తప్పనిసరి చేసింది. అందులో ఎంత నీరు తోడారో కిలోలీటర్లలో రాయాలి, భూగర్భజలం ఎంతో విడిగా చూపాలి. నువ్వు టైపు చేసే ఆ అంకె ఎక్కడో ఒక మీటరు నుంచే రావాలి. అదెక్కడుందో అడుగు, ఒక్కసారైనా వెళ్లి చూస్తానను. మీటరే లేదంటే మీ మేనేజరుకి ఆ సంగతి ఈమెయిల్లో రాసి పెట్టు, నోటిమాటగా వదిలెయ్యకు.

సంస్థవాళ్ల దగ్గర నీటిమట్టం టేపు ఉందో లేదో కనుక్కో. లేకపోతే నాది మీ నాన్నతో పంపిస్తాను. బ్యాటరీ మార్చుకోవాలి, మొదటి మీటరు దగ్గర అంకెలు కొంచెం చెరిగాయి.

ఇట్లు
మీ పెదనాన్న