గర్వింపదగిన వారెవరు?



మన యిండ్లలో ఒక బిడ్డ వైద్యవిద్యయందు ఉత్తీర్ణత నొందిన దినము పండుగదినము. బంధువులు వత్తురు, మిఠాయిలు పంచుదురు, వీధిగోడమీద పేరును పట్టమును చెక్కిన పలక వెలయును. తాతగారు పొరుగువారితో "మా మనుమడు డాక్టరు" అని పలుకునపుడు ఆ కంఠమున వినబడు ఆనందమును తప్పుపట్టుటకు నేనిచట నిలువలేదు. కాని ఆ ఆనందము నొక్క ప్రశ్న అడుగగోరుచున్నాను. ఆ వైద్యుడే యొకనాడు సత్యముకొరకు నష్టపడి, నిందపాలై, రాత్రివేళ యింటికి వచ్చెనేని, తలుపు తీయు చేతు లెవరివి? ఆనాడు కూడ "మావాడు" అని పలుకు నోరు ఏది?

గర్వము రెండు తెరగులు. ఒకటి ఫలమును చూచి చెట్టును తనదనుకొనునది. రెండవది చెట్టునకు నీరు పోసి, గాలివానలో దానిని పట్టుకొని నిలిచి, తరువాత ఫలమును చూచి కన్నీరు పెట్టుకొనునది. మొదటిది సులభము, లోకమంతయు దానితో నిండియున్నది. రెండవది ధర్మము. ఈ భేదమును తెలిసికొనుటకు కాదంబినీ గంగూలీగారి చరిత్రముకంటె తగినది నాకు కానరాదు.

ఆమె 1861వ సంవత్సరమున జన్మించెను. తండ్రి బ్రజకిశోర బసుగారు ఉపాధ్యాయులు. భాగల్పూరులో 1863లో స్త్రీల అభ్యుదయమునకై సమితిని నెలకొల్పిన వారిలో నొకరు. ఆడుబిడ్డకు అక్షరము నేర్పిన వైధవ్యము ప్రాప్తించునని పెద్దలు భయపెట్టుచున్న కాలమది. ఆ తండ్రి కుమార్తెను కలకత్తాకు పంపి చదివించెను. 1883లో ఆమెయు, చంద్రముఖీ బసుగారును కలకత్తా విశ్వవిద్యాలయమున పట్టము పొందిన మొదటి స్త్రీలైరి. ఆ సంవత్సరముననే, తన గురువును, స్త్రీలకొరకు 'అబలాబాంధవ' పత్రికను నడపిన సంస్కర్తయు నగు ద్వారకానాథ గంగూలీగారిని ఆమె వివాహమాడెను.

అటుపిమ్మట ఆమె వైద్యము నేర్వగోరెను. మన చెన్నపట్టణపు వైద్యకళాశాల 1875 నుండియే స్త్రీలను చేర్చుకొనుచుండెను. కలకత్తాలో చోటులేక అబలాదాసుగారు, అనగా తరువాత జగదీశచంద్ర బోసుగారి సతీమణి యైన యామె, 1882లో చెన్నపట్టణమునకు వచ్చి చదివెను. కాదంబినిగారు మాత్రము తన యూరి తలుపునే తట్టెను. తలుపు తెరువబడెను గాని మార్గము సుఖముగా లేదు. ఒక పరీక్షలో ఉత్తీర్ణత లభింపనందున ఎం.బి. పట్టము చేతికందక, 1886లో జి.బి.ఎం.సి. యను అర్హతతో ఆమె వైద్యవృత్తి నారంభించెను. 1888లో లేడీ డఫరిన్ స్త్రీల వైద్యశాలలో నెలకు 300 రూపాయల జీతముపై కొలువు లభించెను.

ఇక అసలైన పరీక్ష వినుడు. ప్రసవవేదన పగటిని రాత్రిని ఎంచదు. పిలుపు వచ్చిన వెంటనే బండియెక్కి, పరుల యిండ్లకు పోవలసినదే వైద్యురాలి ధర్మము. దీనిని చూచి ఓర్వలేక 1891లో 'బంగబాసి' యను పత్రిక, ఆమె శీలమునకే కళంకము నంటగట్టుచు అసభ్యముగా వ్రాసెను. ఆర్యులారా, అట్టి సమయమున మన కుటుంబములు ఏమి సలహా చెప్పును? "బురదతో మనకేల? నాలుగుదినములు నోరుమూసికొన్న లోకము మరచును. రాత్రిపూట పోకున్న చాలును" అని చెప్పును. పరువు కాపాడుకొనుట యనగా మనకు నోరుమూసికొనుటయే గదా!

ద్వారకానాథుడట్లు పలుకలేదు. న్యాయస్థానమున కెక్కిన ఆ దుర్భాష పదిమందియెదుట మరల చదువబడునని ఆయన యెరుగడా? భార్య పేరు వీధివీధిని నలుగునని యెరుగడా? ఎరిగియే, శివనాథశాస్త్రి, నీలరతన సర్కారు మొదలగు మిత్రుల తోడ్పాటుతో వ్యాజ్యెము నడపెను. సంపాదకుడగు మహేశచంద్రపాలునకు 100 రూపాయల జరిమానాయు ఆరునెలల కారాగారమును విధింపబడెను. కాని నేను మీకు చెప్పవచ్చినది తీర్పునుగూర్చి కాదు. తీర్పు ఎట్లు వచ్చునో తెలియని దినమున ఆ యిల్లు ఆమె పక్కన నిలిచెను. గర్వించు హక్కు ఆ దినమున సంపాదింపబడినది. తీర్పు దినమున కాదు.

రెండేండ్లకు, 1893లో, ఆమె బిడ్డలను ఇంటనుంచి సముద్రము దాటి స్కాట్లండునకు పోయి, అచటి మూడు వైద్యకళాశాలలు కలసి యిచ్చు అర్హతను సాధించి వచ్చెను. ఆ నెలలలో బిడ్డలకు అన్నముపెట్టిన చేతులు ఏ పట్టపు పత్రముమీదను కనబడవు. ఐనను ఆ పత్రములో వాటికి భాగము లేదని ఎవడనగలడు? 1898లో భర్త గతించిన పిదప కూడ ఆమె వృత్తిని విడువలేదు. 1923 అక్టోబరు 3వ తేదీన ఆమె పరమపదించెను. ఆ దినముననే ఒక శస్త్రచికిత్స ముగించి యింటికి వచ్చియుండెనని చెప్పుదురు.

ఆ వంశమున కుమార్తె జ్యోతిర్మయి విద్యారంగమునను స్వాతంత్ర్యోద్యమమునను పనిచేసెను. ద్వారకానాథుని మొదటి భార్య కుమార్తె విధుముఖి కడుపున సుకుమార రాయ్ పుట్టెను. అతని పుత్రుడే చలనచిత్ర దర్శకుడగు సత్యజిత్ రాయ్. మనుమరాలు పుణ్యలత తన చిన్ననాటి స్మృతులను గ్రంథముగా వ్రాసినపుడు ఈ అమ్మమ్మను తలచుకొనెను. 1891లో పక్కన నిలుచు భాగ్యము మనుమలకు లేదు. వారికి దక్కినది తలపు మాత్రమే. కాని తలపు ఋణపత్రము వంటిది. తమవంతు సత్యమును తాము పలికినపుడే అది తీరును.

మీరందురు: "అయ్యా, అవి మహనీయుల కథలు, మా యిండ్లలో అట్టి ఘట్టములు రావు." వచ్చుచునే యున్నవి, మనము గుర్తింపకున్నాము. గర్భస్థశిశువు ఆడదో మగదో చెప్పుటను 1994వ సంవత్సరపు చట్టము నేరముగా నిషేధించినది. ఐనను బంధువొకడు వచ్చి, "మన డాక్టరమ్మయేగదా, చెవిలో ఒక్కమాట చెప్పరాదా" యని యడుగును. ఆమె నిరాకరించును. అప్పుడు అత్తగారు "ఇంటివారికే ఉపకరింపని చదువెందుకు?" అని నిష్ఠురమాడును. కల్ల సర్టిఫికేటుపై సంతకము పెట్టనన్న కుమారుని తండ్రియే "లోకజ్ఞానము లేనివాడ"ని విసుగుకొనును. పలకమీది పేరు చూచి పొంగినవారే ఆ పేరు నిలుపుకొన్న దినమున కోపింతురు!

దేశమునందును ఇంతియే. 2020 మార్చి 22వ తేదీన వైద్యులకొరకు చప్పట్లు చరచిన ఈ దేశముననే, ఆ దినములలోనే, అంటువ్యాధి భయమున కొన్నిచోట్ల వైద్యులను అద్దెయిండ్లు ఖాళీచేయుమనిరి. చప్పట్లకు ఖర్చులేదు. తలుపు తెరచియుంచుటకు ఖర్చున్నది. గౌరవమును కొలువదలచినవారు ఆ ఖర్చుతో కొలువవలెను.

కావున తల్లులారా, తండ్రులారా! ఈ రాత్రి యింటికి పోయి మీ బిడ్డతో ఒక్కమాట చెప్పుడు: "నీకు వచ్చు ధనముచేతగాని పట్టముచేతగాని కాదు, నీవు అబద్ధమునకు లొంగని దినమున నిన్నుచూచి గర్వింతుము. ఆ దినమున కొలువు పోయినను, నింద వచ్చినను, ఈ యిల్లు నీదే." ఈమాట ముందుగా విన్న బిడ్డ ఒంటరిగాడు కాడు. ఒంటరితనమునకు వెరచియే పెక్కుమంది మంచివారు మౌనము వహించుచున్నారు.

సర్వసాక్షివగు పరమపితా! సత్యమును పలుకుటకు కొందరికి బలమిచ్చితివి. వారి పక్కన నిలుచుటకు మాకు బలమిమ్ము. మా గర్వమును శుద్ధిచేయుము. నిందలు కురియు రాత్రియందు మా తలుపులు మూయబడకుండుగాక!

ఓం శాంతిః శాంతిః శాంతిః.