పాతదైందా, చాలడం లేదా?



జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన ఇళ్ళలో ఒక చర్చ తప్పదు. ఇంటర్ ముగించిన పిల్లవాడు ఇంజినీరింగులోనో డిగ్రీలోనో చేరతాడు. "నాన్నా, లాప్‌టాప్ కొనాలి" అంటాడు. "అన్నయ్యది ఉంది కదరా" అంటాడు తండ్రి. "అది పాతదైపోయింది నాన్నా" అంటాడు కొడుకు. మాట అక్కడితో ఆగిపోతుంది. పాతది అన్న మాటకు ఏం బదులు చెప్పాలో తండ్రికి తెలియదు. తెలియనప్పుడు మనిషి అప్పు చేసైనా ఒప్పుకుంటాడు, లేదా కసురుకుంటాడు. రెండింటిలోనూ విచారణ జరగలేదన్నది మీరు గమనించాలి.

వస్తువు చిన్నదే గాని ధర చిన్నది కాదు. నలభై, యాభై వేల రూపాయలంటే మనలో చాలామందికి కొన్ని నెలల కష్టార్జితం. కనుక ఈ వారం దీన్ని గురించే ఆలోచిద్దాం.

'పాతది' వేరు, 'చాలనిది' వేరు. పాతదనం వస్తువు వయసుకు సంబంధించింది. చాలకపోవడం మన పనికి సంబంధించింది. ఆరేళ్ళ యంత్రం ఒక టీచరుగారికి ఇంకా చాలవచ్చు. నిన్న కొన్నది ఒక వీడియో ఎడిటరుకు చాలకపోవచ్చు. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న "ఎన్నేళ్ళయింది?" అని కాదు, "దీనితో ఏ పని ఆగిపోయింది?" అని. ఈ ప్రశ్నకు ఒక పని పేరు జవాబుగా రావాలి. "స్లోగా ఉంది" అన్నది జవాబు కాదు, రోగ లక్షణం మాత్రమే.

ఆ రోగానికి చాలాసార్లు మందు ఉంది. పాత యంత్రాల్లో తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే నిమిషాలు పట్టే పని సెకన్లలో అవుతుంది. 4 జీబీ ర్యామ్‌ను 8 చేయిస్తే బ్రౌజరులో పది పేజీలు తెరిచినా ఊపిరాడుతుంది. బ్యాటరీ నాలుగైదేళ్ళలో అలిసిపోవడం సహజం, దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఇవన్నీ చేసే దుకాణాలు వరుసగా ఉన్నాయి; మీ జిల్లా కేంద్రంలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. అయితే ఈమధ్య వస్తున్న పలుచటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు. తర్వాత పెంచుకోవడానికి వీలుండదు. కొనేటప్పుడే "ర్యామ్ పెంచుకోవచ్చా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న యంత్రం ఆయుష్షును రెండు మూడేళ్ళు పెంచగలదు.

కొన్నిసార్లు మన వస్తువు పాతదని నిర్ణయించేది మనం కాదు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సేవలను ఆపివేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతిదో ఉండాలి. ఒక్క మర కూడా వదులుకాని యంత్రాలెన్నో ఆ రోజుతో ముసలివైపోయాయి. వీటికి మార్గాలు లేకపోలేదు. 2026 అక్టోబరు వరకు అదనపు భద్రతా సవరణలు తీసుకునే వీలును ఆ సంస్థే ప్రకటించింది. లినక్స్ మింట్, ఉబుంటు వంటివి ఉచితం, పాత యంత్రాలను చక్కగా నడుపుతాయి. కాని సవరణలు అందని యంత్రంలో పొదుపు సంఘం లెక్కలో, పదిమంది ఆధార్ వివరాలో ఉంచుకున్నవారు "ఇంకా నడుస్తోంది కదా" అని ఊరుకోకూడదు. అక్కడ ఉన్నది మన సొమ్ము కాదు. పొదుపు పేరుతో ఇతరులను ప్రమాదంలో పెట్టే హక్కు మనకు లేదు.

ఇక 'అవసరం' అన్న మాట. పదమూడవ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ దానం గురించి చర్చిస్తూ అవసరాన్ని రెండు విధాలుగా విడదీశారు. ఒకటి, అది లేకపోతే బ్రతుకే సాగనిది. రెండోది, మన వృత్తికి, బాధ్యతలకు తగినట్లు జీవించడానికి కావలసింది. లాప్‌టాప్ రెండో రకం. రెండోది అబద్ధమైన అవసరమేమీ కాదు. అయితే దాని సరిహద్దును ఒక్క గీతతో గీయలేమని ఆయనే ఒప్పుకున్నారు. మన చిక్కంతా ఆ సరిహద్దు దగ్గరే వస్తుంది.

స్పెసిఫికేషన్ల పట్టిక చూస్తున్నప్పుడు మనం చాలాసార్లు మన కోసం కొనం. కాబోయే ఒక ఊహా మనిషి కోసం కొంటాం. సినిమాలు ఎడిట్ చేయబోయే వాడు, కృత్రిమ మేధ నమూనాలు తయారు చేయబోయే వాడు. ఆ మనిషి వస్తాడో రాడో గాని వాయిదాలు మాత్రం వస్తాయి. మొదటి సంవత్సరం సీ భాష, పైథాన్ నేర్చుకునే విద్యార్థికి 8 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే దశకు వస్తే 16 కావాలి, అది నిజమైన అవసరమే. బీకాంలో ట్యాలీ నేర్చుకునే అమ్మాయికి ఖరీదైన ప్రాసెసరుతో పనిలేదు. ఇక గ్రాఫిక్స్ కార్డు! "కోడింగ్‌కు కావాలి నాన్నా" అని అడిగే పిల్లల్లో కొందరికైనా కావలసింది ఆటలకు. ఆటలాడుకోవాలని ఉందని అడగడంలో తప్పేమీ లేదు. చదువు పేరు పెట్టి అడగడంలోనే ఉంది తప్పు. ఎందుకంటే తండ్రి కాదనలేని మాట చదువు ఒక్కటే. ఆ బలహీనతను వాడుకోవడం కంప్యూటరు ధర కంటే ఖరీదైన వ్యవహారం.

"కొన్నాళ్ళు ఆగితే ఇంకా మంచిది, ఇంకా చవకగా వస్తుంది" అనేవారూ ఉన్నారు. చిప్పుల శక్తి క్రమంగా రెట్టింపవుతుందని గోర్డన్ మూర్ 1965లో రాసిన నాటి నుంచీ ఈ మాట నిజమే. అదే సమయంలో, యంత్రాల వేగం పెరిగేకొద్దీ సాఫ్ట్‌వేర్ అంతకంటే త్వరగా బరువెక్కుతోందని నిక్లాస్ విర్త్ 1995లోనే హెచ్చరించారు. పైగా 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు తగ్గడానికి బదులు ఎగబాకాయి. కనుక బజారును చూసి కాక పనిని చూసి సమయం నిర్ణయించుకోవడం మేలు.

ఇంతవరకు చదివి "అయితే చవకదే కొందాం" అని తీర్మానించుకోకండి. చాలని వస్తువు కొనివ్వడం కూడా అన్యాయమే. కొడుక్కి 16 జీబీది కొని, కూతురు చదువుకు వచ్చేసరికి "నీకిది చాల్లే" అని అన్న వాడి వదిలేసినది చేతిలో పెట్టే ఇళ్ళు మనలో లేవా? ఆ అమ్మాయి ప్రతి రోజూ అరగంట యంత్రం తెరుచుకోవడానికి ఎదురుచూస్తుంది. నాలుగేళ్ళలో ఆ అరగంటలెన్నో లెక్కవేయండి. పొదుపు చేసింది తండ్రి, చెల్లించింది కూతురు.

మనకు కనిపించని మనుషులూ ఈ బేరంలో ఉన్నారు. బ్యాటరీలలో వాడే కోబాల్టు ప్రపంచానికి సగానికి మించి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే వస్తుంది. అక్కడి చేతి గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో వెల్లడించింది. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. లెక్కకు అందేలా సేకరించి శుద్ధి చేసింది అందులో నాలుగో వంతు కూడా లేదు. పారవేసే సంస్కృతి అని పోపు ఫ్రాన్సిస్ 2015 నాటి 'లౌదాతో సి' లేఖలో బాధపడింది ఇలాంటి వాటిని చూసే. ఒక లాప్‌టాప్ వల్ల గాలిలో కలిసే కర్బనంలో ఎక్కువ భాగం అది మన ఇంటికి రాకముందే, తయారీలోనే కలిసిపోతుంది. అందువల్ల ఉన్నదాన్ని మరో రెండేళ్ళు వాడడమే మనం చేయగల పెద్ద మేలు. అయితే ఈ భారాన్ని మొదటిసారి కంప్యూటరు ముట్టుకుంటున్న పేద విద్యార్థి నెత్తిన వేయకండి. ఇంట్లో మూడోది కొంటున్నవారు ముందు మోయాలి.

కొన్నాక పాతదాన్ని ఎవరికైనా ఇద్దామనుకుంటే, అది తెరుచుకుంటుందో లేదో చూసి ఇవ్వండి. చచ్చిపోయిన యంత్రాన్ని బడికి దానమిస్తే దాన్ని పారవేసే శ్రమను వారికి ఇచ్చినట్లే. పనికిరానిదైతే నమోదైన రీసైక్లింగు సంస్థకు పంపండి. పనికివచ్చేదైతే మీ ఫొటోలు, పాస్‌వర్డులు పూర్తిగా తుడిపించి, ఛార్జరు కూడా కలిపి ఇవ్వండి.