అడగకపోతే చెప్పనక్కర్లేదా?

పాత అంబాసిడర్ గేర్‌బాక్స్ తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి సింక్రో రింగుల్ని చూడాలి. వేరువేరు వేగాల్లో తిరిగే గేరునీ షాఫ్టునీ రాపిడితో సమం చేసేవి ఇవే. అప్పుడే పళ్ళు అరవకుండా కలుస్తాయి. రింగుని గేరు కోను మీద నొక్కినప్పుడు సందు బాగా తగ్గిపోయిందంటే అది అరిగినట్టే. ఆ కారు తయారీ 2014లోనే ఆగింది, కొత్త రింగు తేలిగ్గా దొరకదు. మెకానిక్ పాతదే వేసి మూత బిగించాడనుకోండి. ఓనరు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఇది అబద్ధమా?

పాతది వెయ్యడం తప్పు కాదంటాను (లేనోడి బండికి వేరే దారేది?). కానీ లోపలి సంగతి ఒక్కడికే తెలిసినప్పుడు, ఆ ఒక్కడి మౌనం అబద్ధం పనే చేస్తుంది. సమ్యక్ ఆజీవం షెడ్డులో ఇంతే: కూలి తీసుకునేముందు "మూడో గేరు రింగు అరిగిందన్నా, నిదానంగా మార్చు" అనడం. చెబితే బేరం పోతుందని భయం. పోవచ్చు కూడా.