అబద్ధమాడే అమ్మాయిలు

అబద్ధం తప్పని పిల్లలకి చెప్పే మనమే వాళ్ళకి గూఢచారి నవలలు కొనిపెడతాం. రాబిన్ స్టీవెన్స్ 2022లో రాసిన ‘ది మినిస్ట్రీ ఆఫ్ అన్‌లేడీలైక్ యాక్టివిటీ’ కథ 1940 నాటి ఇంగ్లండ్‌లో జరుగుతుంది. మే వాంగ్ అనే హాంకాంగ్ అమ్మాయి, బాంబుల భయంతో ఊళ్ళు వదిలిన పిల్లల్లో ఒకతెలా నటిస్తూ ఓ పెద్ద ఇంట్లో చేరుతుంది. అన్నం పెట్టిన ఇంట్లోనే రహస్యాలు వెతుకుతుంది. ఇది సాహసమా, ద్రోహమా?

‘దేశం కోసం కదా’ అంటే సరిపోదు. జర్మనీ గూఢచారీ ఆ మాటే అంటాడు. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి బొంకదగిన చోట్లు లెక్కపెట్టి చెప్పాడు. ఆ బొంకుకి వెల ఎవరు కట్టాలో మాత్రం చెప్పలేదు.

నూర్ ఇనాయత్ ఖాన్ 1939లో పిల్లల కోసం జాతక కథలు ఇంగ్లీషులో రాసింది. 1943 జూన్‌లో బ్రిటన్ తరఫున మారుపేరుతో, రేడియో ఆపరేటరుగా ఫ్రాన్సులో దిగింది. తోటివాళ్ళు వరసగా పట్టుబడుతున్నా వెనక్కి రాలేదు. అక్టోబరులో దొరికింది. 1944 సెప్టెంబరులో డాఖౌ శిబిరంలో ఆమెని చంపేశారు. తన అబద్ధానికి వెల తనే కట్టింది.

అందుకే పిల్లలకి ఆ నవలలు ఇవ్వాల్సిందే. చదవడం అయ్యాక మాత్రం, దొంగ ఎవరని కాదు, ఆ అబద్ధంవల్ల నష్టపోయింది ఎవరని అడగాలి.