బరువు తగ్గే ఆపరేషన్: మనం చెప్పుకునే సంకల్పం ఏంటి?

ఏకాదశి ఉపవాసం మీద మన ఛానెల్‌లో వీడియో చేసినప్పటి నుంచి నా బుర్రలో ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. తిండిని అదుపులో పెట్టుకోవడం తపస్సు అంటాం కదా. మరి ఆ అదుపు కోసం డాక్టర్ చేత కడుపు కోయించుకుంటే, అది తపస్సును ఎగ్గొట్టి అడ్డదారిలో వెళ్లడమా?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. మా పెదనాన్నగారి అమ్మాయి, అంటే మా అక్క, రెండేళ్ల కిందట ఈ ఆపరేషన్ చేయించుకుంది. (తన అనుమతితోనే రాస్తున్నాను.) చేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి తనకి వారం పట్టింది. ఏ రకం చేయించుకోవాలి అన్నదానికి నాలుగు నెలలు పట్టింది. అసలు ధర్మసందేహం ఆ నాలుగు నెలల్లోనే ఉందని నాకు అనిపిస్తుంది.

అప్పటికి అక్క ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. బీఎంఐ లెక్క కడితే దాదాపు 45. ఆరేళ్లుగా షుగర్. రాత్రి పడుకుంటే గొంతులోకి పులుపు తన్నుకొచ్చి లేచి కూర్చునేది. మోకాళ్ల నొప్పులకి వారంలో నాలుగు రోజులు పెయిన్ కిల్లర్ వేసుకోవాల్సిందే. ప్రయత్నించలేదా అంటే, కీటో చేసింది, జిమ్‌కి వెళ్లింది, శనివారాలు, ఏకాదశులు ఉపవాసం ఉంది. ఒకసారి 14 కిలోలు తగ్గి, ఏడాదిలో 17 పెరిగింది.

"దేవుడిచ్చిన కడుపు కోయించుకోవడం ఏంటే తల్లీ, నోరు కట్టుకుంటే సరిపోదా?" అంది పెద్దమ్మ. పైకి అన్నది పెద్దమ్మే గానీ, ఇంట్లో అందరి మనసులో ఉన్నదీ అదే. కానీ రాళ్లు వచ్చాయని మా మేనమామ గాల్‌బ్లాడర్ తీయించుకున్నప్పుడు ఎవరూ ఈ మాట అనలేదు. ఎందుకంటే రాళ్లు జబ్బు. ఊబకాయం మాత్రం మన లెక్కలో నాలుక చేసిన తప్పు.

ఇక్కడ మన పాతవాళ్లే మనకంటే ఉదారంగా ఆలోచించారు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలం గురించి ఉంది. అతిగా తినడం, తీపి, పగటి నిద్ర, వ్యాయామం లేకపోవడం, ఇవన్నీ కారణాలుగా చెప్పి, వాటితో పాటు బీజ స్వభావాన్ని కూడా చేర్చారు. అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చేది. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే, కొవ్వు దారులు మూసేస్తే వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రాజేస్తుందట. అందుకే అలాంటివాళ్లకి తిన్నది త్వరగా అరిగిపోయి మళ్లీ ఆకలేస్తుందట. ఆకలి వల్ల లావు మాత్రమే కాదు, లావు వల్ల ఆకలి కూడా! ఇప్పటి డాక్టర్లు వేరే భాషలో చెబుతారు. డైటింగ్‌తో బరువు తగ్గినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, శరీరం పాత బరువు వైపే లాగుతుంది అని. అక్క 14 కిలోలు తగ్గి 17 పెరగడం వెనక బద్ధకం ఒక్కటే లేదన్నమాట.

అయినా పెద్దమ్మ ప్రశ్నని కొట్టిపారేయలేం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, తీశారు. కడుపు బాగానే ఉందిగా? బాగున్న అవయవం మీద కత్తి పెట్టాలంటే గట్టి కారణం కావాలి. ఆ కారణం ఎంత గట్టిదో, ఎవరికి ఏ మేరకో తేలాలంటే రకాల మధ్య తేడా తెలియాలి.

ఎక్కువగా వినిపించేవి రెండు. ఒకటి స్లీవ్. కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోనే పోతుంది కాబట్టి ఆకలి తగ్గుతుంది. పేగుల జోలికి వెళ్లరు. కానీ తీసింది మళ్లీ పెట్టలేరు. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. కడుపు పైభాగంలో చిన్న సంచి, ఓ 30 మిల్లీలీటర్లది, వేరు చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది, రసాలు ఊరుతూనే ఉంటాయి, తిండి మాత్రం అటు వెళ్లదు. ఏదీ తీసి పారేయరు అని తెలిశాక పెద్దమ్మ కాస్త కుదుటపడింది. (వెనక్కి మార్చొచ్చు అన్నది సిద్ధాంతానికే. సర్జన్లు అంత తేలిగ్గా దాని జోలికి పోరు.)

ఇవి కాక మినీ బైపాస్ ఉంది, అందులో కలిపే చోటు ఒక్కటే. కడుపు చుట్టూ బిగించే బ్యాండ్ ఒకప్పుడు బాగా నడిచింది, ఇప్పుడు తగ్గిపోయింది. ఆరు నెలలు లోపల ఉంచి తీసేసే బెలూన్ కూడా ఉంది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, వాటి గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఓ ఎక్సెల్ షీట్ వెయ్యి, ఏది బెటరో తేలిపోద్ది" అన్నాడు బావ. వేశాను. 2018లో స్విట్జర్లాండ్ నుంచి, ఫిన్లాండ్ నుంచి ఐదేళ్ల అధ్యయనాలు రెండు వచ్చాయి. రెండింటిలోనూ బరువు తగ్గడంలో బైపాస్‌ది కొంచెం పైచేయి, కానీ తేడా పెద్దది కాదు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది ఎసిడిటీలో. స్విస్ అధ్యయనంలో ముందే ఆ బాధ ఉన్నవాళ్లలో, స్లీవ్ తర్వాత అది ముదిరినవాళ్లు దాదాపు 32 శాతం, బైపాస్ తర్వాత 6 శాతం. షుగర్ విషయానికొస్తే, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 2017లో ఐదేళ్ల ఫలితాలు ఇచ్చారు. హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకంటే తక్కువకి వచ్చినవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం.

షీట్ ప్రకారం అక్కకి బైపాస్. బావ "అయిపోయింది కదా" అన్నాడు. అక్క ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని కింద ఇంకో వరుస చేర్చింది. "నేను చెయ్యగలనా?" అని.

బైపాస్ తర్వాత ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డి బతికున్నంత కాలం వేసుకోవాలి. ఏడాదికోసారైనా రక్తపరీక్షలు. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. సంధ్యావందనం వేళల్లాగా అన్నమాట. స్లీవ్‌లోనూ విటమిన్లు తప్పవు, కానీ బైపాస్‌లో నిర్లక్ష్యానికి శిక్ష పెద్దది. ఇక అసలు చిక్కు మోకాళ్లది. బైపాస్ అయినవాళ్లు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి పెయిన్ కిల్లర్లు మానుకోవాలి, కలిపిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. అంటే ఎసిడిటీ, షుగర్ ఒక వైపు లాగుతుంటే మోకాళ్లు ఇంకో వైపు లాగుతున్నాయి. ఏ ఎక్సెల్ ఫార్ములా దీన్ని తేల్చదు.

మొదట వెళ్లిన ఒక ఆస్పత్రిలో కౌన్సెలర్ స్లీవ్ ప్యాకేజీ చూపించి, నెలాఖరులోపు అయితే తగ్గింపు ఉందన్నారు. ఎసిడిటీ ఉందా అని కూడా అడగలేదు. ఆషాఢం సేల్ అనుకున్నారో ఏమో! రెండో చోట డాక్టర్ ముందు ఎండోస్కోపీ చేయించారు, తర్వాత డైటీషియన్‌తో గంట కూర్చోబెట్టారు. ఆ గంటలోనే అక్క, బావకి కూడా తెలియని విషయం చెప్పింది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో స్వీట్లు తింటుందని, ఏడుపొచ్చినప్పుడల్లా అదే చేస్తుందని. మామూలు మాటకి గంట పట్టలేదు, ఈ ఒక్క మాటకే పట్టిందని తర్వాత నాతో అంది.

గీత పదిహేడో అధ్యాయంలో తపస్సు మూడు రకాలుగా చెప్పారు. శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది. మనకి తపస్సు అనగానే మొదటిదే గుర్తొస్తుంది, పస్తులుండటం. అదే అధ్యాయం మొదట్లో, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని హింసించడాన్ని ఆసురీ స్వభావం కింద వేశారని మర్చిపోతాం. ఆరో అధ్యాయంలోనైతే అతిగా తినేవాడికీ యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు అంటాడు కృష్ణుడు. అక్క ఏళ్ల తరబడి ఉన్న ఉపవాసాల కంటే డైటీషియన్ ముందు చెప్పిన ఆ ఒక్క నిజమే పెద్ద తపస్సని నేను అనుకుంటాను. ఎందుకంటే ఏ ఆపరేషన్ అన్నది ఆ నిజం మీదే ఆధారపడి ఉంది. బైపాస్ తర్వాత తీపి ఎక్కువ తింటే చాలామందికి డంపింగ్ వస్తుంది. చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం, విరేచనాలు. కొందరికి అది కాపలా, కొందరికి నరకం. తనకి ఏదవుతుందో తనే చెప్పాలి. భర్త, తల్లి, ప్యాకేజీ అమ్మేవాళ్లు, ఎవరూ ఆ మాట తన తరఫున చెప్పలేరు. వ్రతం పీటల మీద కూర్చున్నవాళ్లే కదా సంకల్పం చెప్పుకోవాలి.

అక్క బైపాస్‌కే ఒప్పుకుంది. మోకాళ్లకి ఎముకల డాక్టర్‌తో ముందే మాట్లాడి పారాసిటమాల్, ఫిజియోథెరపీతో నెట్టుకురావడానికి సిద్ధపడింది. ఇదే అందరికీ సరైనదని నేను చెప్పడం లేదు, నేను డాక్టర్‌ని కాదు. మాత్రలు క్రమంగా వేసుకోలేనని తెలిసి, ఎసిడిటీ లేని మనిషి స్లీవ్ ఎంచుకుంటే అది కూడా అంతే నిజాయితీ. నాకు ఇబ్బందిగా అనిపించేది ఒక్కటే. ఆసియా వాళ్లకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు 27.5 బీఎంఐ నుంచే ఆపరేషన్‌ను పరిశీలించవచ్చన్నాయి. దాన్ని పట్టుకుని, వేరే జబ్బేమీ లేకుండా, పెళ్లిచూపుల లోపు సన్నబడాలని స్లీవ్ గురించి అడిగే నా వయసువాళ్లు ఉన్నారు. అర్హత ఉండటం వేరు, అవసరం ఉండటం వేరు. తీసేసిన కడుపు పెళ్లయ్యాక తిరిగి రాదు.

ఆపరేషన్ తర్వాత వచ్చిన గొడవ నేను ఊహించనిది. గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం అంటే రవ్వ, నెయ్యి, పంచదార. కథలో కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే భర్త ఉన్న పడవ మాయమైపోతుంది కదా, పెద్దమ్మకి ఆ భయం. "వద్దనకూడదే, కొంచెమైనా తిను" అని గరిటెడు పెట్టబోయింది. అక్క వేలి కొసకి అంటినంత తీసుకుని, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. పంతులుగారు చూసి, కళావతిది అలక్ష్యం అమ్మా, కొలత గురించి కథలో లేదు అన్నారు. పెద్దమ్మ గరిటె వెనక్కి పెట్టింది.

ఏకాదశికి ఇప్పుడు అక్క నిర్జలం ఉండదు, ఉండకూడదు కూడా. నీళ్లు రోజంతా గుక్కెడు గుక్కెడు తాగాలి, తిండితో కలిపి తాగకూడదు, ప్రోటీన్ తగ్గకూడదు. పాలు, పనీర్ తీసుకుని, ఆ రోజు సాయంత్రం దాకా మౌనం ఉంటోంది. బరువు 76 దాకా దిగి, మొన్న దసరాకి 78 అయింది. పెద్దమ్మ "చూశావా" అంది. అక్క ఏమీ అనలేదు, గోడ గడియారం చూసి ఐరన్ మాత్ర వేసుకుంది, కాల్షియానికి ఫోన్‌లో అలారం పెట్టుకుంది.